కవ్వం నుంచి కాగితం దాకా

పాడి గురించి రాసేవాళ్లు పశువుల జాతుల గురించి రాస్తారు, మేత గురించి రాస్తారు, సహకార సంఘాల గెలుపోటముల గురించి రాస్తారు. పాలను పరీక్షించే సాధనాల జోలికి మాత్రం పెద్దగా వెళ్లరు. నా మటుకు నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. పాలు మంచివో కావో తేల్చే సాధనం ఎవరి చేతిలో ఉంటే ధర నిర్ణయించే అధికారం వాళ్లదే. ఆ సాధనం ఒకనాడు రాజోద్యోగి దగ్గర ఉండేది. తర్వాత నగర వర్తకుడి చేతికి, ఆ పైన ప్రయోగశాలకు, చివరికి డెయిరీ కేంద్రానికి చేరింది. ఇప్పుడు అరచేతిలో ఇమిడే కాగితం ముక్కగా మారి, పాలు పోసే మనిషికీ పోయించుకునే మనిషికీ నడుమ కూర్చోవడానికి ప్రయత్నిస్తోంది. ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పశువుల అధ్యక్షుడి విధుల మీద ఒక అధ్యాయం ఉంది. ద్రోణం ఆవుపాల నుంచి ప్రస్థం నెయ్యి రావాలని అందులో లెక్క. ద్రోణమంటే 16 ప్రస్థాలు కాబట్టి పాలలో 16వ వంతు నెయ్యి అన్నమాట. గేదె పాలకు ఇందులో ఐదో వంతు ఎక్కువ రావాలి, మేక, గొర్రె పాలకు ఇంకా ఎక్కువ. ఇక్కడితో ఆగి ఉంటే అది పన్నుల లెక్క మాత్రమే అయ్యేది. కానీ నేల, గడ్డి, నీరు మారితే పాలూ నెయ్యీ మారతాయని ఆ గ్రంథకర్తకు తెలుసు. అందుకే చిలికి చూడడమే అన్నింటికీ ప్రమాణమని తేల్చాడు. పాల పరీక్షకు ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి మళ్లీ చాలా శతాబ్దాల పాటు రాలేదు. వెన్న ఎంత తేలిందో ఇద్దరికీ కనపడుతుంది, వాదనకు చోటుండదు. అయితే దానికి పూట సమయం పడుతుంది, పరీక్షించిన పాలు ఇక పాలుగా మిగలవు. పదిళ్ల పాలు ఒక బానలో కలిస్తే ఎవరి పాలు ఎలాంటివో చెప్పడమూ కుదరదు.

ఊళ్లో అంతగా అవసరమూ లేకపోయింది. ఎవరి గేదె ఎంత చిక్కగా ఇస్తుందో వీధంతటికీ తెలుసు. కాచినప్పుడు కట్టే మీగడ మందం, తోడుకున్న పెరుగు గట్టిదనం, గోటి మీద వేసిన చుక్క జారే తీరు ఇంట్లో ఆడవాళ్లకు చాలు. పాల పరీక్ష ఒక శాస్త్రంగా మారింది పాడి పశువుకూ తాగే మనిషికీ మధ్య దూరం పెరిగాకే. ఆ దూరం మొదట పెరిగింది యూరప్, అమెరికా మహానగరాల్లో.

1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఆహార కల్తీల మీద పుస్తకం వేసి వ్యాపారుల మీద బాంబు పేల్చాడు. 1850ల మొదట్లో డాక్టర్ ఆర్థర్ హిల్ హాసల్ లాన్సెట్ పత్రిక కోసం లండన్ దుకాణాల సరుకులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. పాలలో సుద్ద కలుపుతున్నారని, గొర్రె మెదడు కలుపుతున్నారని జనం చెప్పుకునేవారు. ఆయనకు ప్రధానంగా దొరికింది నీళ్లే. అమెరికాలో పరిస్థితి ఇంకా ఘోరం. న్యూయార్క్‌లో సారా బట్టీల పక్కనే కొట్టాలు కట్టి, బట్టీ నుంచి వచ్చే వేడి పిప్పి కుడితి తాగించి పెంచిన ఆవుల పాలు పల్చగా, నీలంగా ఉండేవి. వాటికి సుద్దా పిండీ కలిపి తెల్లగా, చిక్కగా చేసి స్వచ్ఛమైన పల్లె పాలని అమ్మేవారు. ఫ్రాంక్ లెస్లీ నడిపిన సచిత్ర వారపత్రిక 1858లో ఈ బాగోతాన్ని బొమ్మలతో సహా బయటపెట్టింది. చంటిపిల్లల చావుల మీద నగరం అట్టుడికిపోయింది. 1862లో చట్టం వచ్చింది. చట్టానికి సాక్ష్యం కావాలి, సాక్ష్యానికి సాధనం కావాలి. అలా లాక్టోమీటరు దశ తిరిగింది.

లాక్టోమీటరు చూడ్డానికి చాలా అమాయకమైన వస్తువు. కింద బరువున్న గాజు గొట్టం, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు. పాలలో వదిలితే తేలుతుంది. మంచి పాల సాంద్రత 1.028 నుంచి 1.032 దాకా ఉంటుంది. నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గి గొట్టం లోతుకు దిగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వెన్న నీటి కన్నా తేలిక. వెన్న తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. ముందు వెన్న తీసి, తర్వాత తగినన్ని నీళ్లు కలిపితే లాక్టోమీటరు మళ్లీ మంచి పాల గీత దగ్గరే వచ్చి నిలబడుతుంది. అంటే రెండుసార్లు మోసం చేసినవాడికి ఆ సాధనం యోగ్యతాపత్రం ఇస్తుంది. పాపం, వెన్న పుష్కలంగా ఉన్న పాలు పోసిన మనిషి సాంద్రత తక్కువ చూపిందని అనుమానం పాలవుతాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడని మనవాళ్లు ఊరికే అనలేదు. పాల పరీక్షల చరిత్ర మొత్తం ఇదే వరస. ఒక పరీక్ష రావడం, దాన్ని దాటే కల్తీ పుట్టడం, ఆ కల్తీని పట్టే మరో పరీక్ష రావడం.

వెన్ననే నేరుగా కొలిచే దారి 1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ కనిపెట్టాడు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ అలాంటిదే మరో పద్ధతి తెచ్చాడు. బాబ్‌కాక్ తన పరీక్షకు పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. అంతకుముందు వెన్న కర్మాగారాలు పాలకు బరువును బట్టి డబ్బిచ్చేవి. నీళ్లు కలిపినవాడికీ, వెన్న తీసినవాడికీ, నిఖార్సయిన పాలు తెచ్చినవాడికీ ఒకటే ధర. బాబ్‌కాక్ పరీక్షతో వెన్న శాతానికి డబ్బు కట్టడం సాధ్యమైంది. మంచి పాలు పోసే రైతు పక్షాన నిలబడ్డ మొదటి శాస్త్రీయ పరీక్ష ఇదేనంటాను.

మన పాల కేంద్రాల్లో ఎన్నో ఏళ్లు రాజ్యమేలింది గెర్బర్ పద్ధతి. దాన్ని దగ్గరగా చూసినవాళ్లకు ఆ వాసన కూడా గుర్తుంటుంది. మెడ సన్నగా, పొట్ట లావుగా ఉండే గాజు సీసాలో ముందు 10 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం పోస్తారు. దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు సీసా గోడ వెంబడి మెల్లగా జారవిడుస్తారు. ఆపైన ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. రబ్బరు బిరడా బిగించి, గుడ్డ చుట్టి తిరగేసి కలిపితే సీసా చేతిని చుర్రున కాలుస్తుంది. పాలలోని మాంసకృత్తులన్నీ ఆమ్లంలో కరిగి ద్రవం ముదురు గోధుమ రంగుకు మారుతుంది. సీసాలను గుండ్రటి యంత్రంలో పెట్టి నిమిషానికి 1,100 చుట్ల వేగంతో తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి తీస్తే, సన్నటి మెడలో పసుపు పచ్చని వెన్న తీగ నిలుస్తుంది. గీతలు లెక్కపెట్టి శాతం చదువుతారు. పరీక్ష పక్కాగా ఉంటుంది. కానీ ఆమ్లం ఒలికితే చెయ్యి కాలుతుంది, చొక్కా చిల్లులు పడుతుంది. అందుకని చదువుకున్న టెస్టరు ఒకడు కావాలి. గీత దగ్గర ఏముందో చదివేదీ చెప్పేదీ అతనే. క్యాను పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి కాగితం మీద పడిన అంకె తీసుకుని వెళ్లాలి.

1946లో మొదలైన గుజరాత్‌లోని ఖేడా జిల్లా సహకార సంఘం గొప్పతనాన్ని నేను ఇక్కడ చూస్తాను. త్రిభువన్‌దాస్ పటేల్, వర్ఘీస్ కురియన్ నడిపిన ఆ ఉద్యమంలో పాల సేకరణతో పాటు పరీక్ష కూడా ఊళ్లోకి, రైతుల సొంత సంఘంలోకి వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఈ నమూనాను దేశమంతా పరిచింది. మన దగ్గర విజయ డెయిరీ కేంద్రాలూ, తర్వాత ప్రైవేటు డెయిరీలూ, 2002లో పాలు పట్టడం మొదలుపెట్టిన ముల్కనూరు మహిళల సొంత డెయిరీ లాంటివీ ఆ దారిలోనే వచ్చాయి. ఆమ్లం సీసాల స్థానంలో మిల్కో టెస్టర్లు, అల్ట్రాసోనిక్ ఎనలైజర్లు చేరాయి. పాలు పోయగానే ఫ్యాట్ ఇంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఇంత, డబ్బింత అని చీటీ వస్తుంది. చీటీ రావడం మంచిదే. యంత్రం సరిగ్గా ఉందో లేదో రైతు చూసుకునే మార్గం మాత్రం ఇప్పటికీ లేదు.

ఈలోగా కల్తీ కొత్త పాఠాలు నేర్చింది. వెన్నకు తోడు వెన్న కాని ఘనపదార్థాలనూ లెక్కలోకి తీసుకోవడం మొదలయ్యాక, ఆ ఎస్‌ఎన్‌ఎఫ్‌ను లాక్టోమీటరు రీడింగు, వెన్న శాతం కలిపి రిచ్‌మండ్ సూత్రంతో లెక్కగట్టేవారు. లెక్క సాంద్రత మీద ఆధారపడ్డది కదా. నీళ్లు కలిపి, పడిపోయిన సాంద్రతను ఉప్పుతోనో, చక్కెరతోనో, యూరియాతోనో మళ్లీ లేపితే సరి. ఎరువుల కొట్లో చవగ్గా దొరికే యూరియా పాలలో ఇట్టే కరిగిపోతుంది, తెల్లగా ఉంటుంది, నత్రజని లెక్కనూ పెంచుతుంది. నూనెను పాలలో కలిసిపోయేలా చేసేందుకు డిటర్జెంటు. పులుపును దాచేందుకు వంటసోడా. విరగకుండా ఉంచేందుకు హైడ్రోజన్ పెరాక్సైడు. 1990ల నుంచి ఉత్తరాదిలో ఈ సరుకులతోనే పాల లాంటి ద్రవం తయారుచేస్తున్న ముఠాలు పట్టుబడుతూ వచ్చాయి.

నత్రజని మోసం ఎంత దూరం పోగలదో 2008లో చైనా చూపించింది. 1883లో కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ మాంసకృత్తులను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అది కొలిచేది నిజానికి నత్రజనిని. దాన్నుంచి మాంసకృత్తులెంతో లెక్కగడతారు. మెలమైన్ అనే ప్లాస్టిక్ పరిశ్రమ రసాయనంలో బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. నీళ్ల పాలలో అది కలిపితే కెల్డాల్ పరీక్షలో చక్కటి మాంసకృత్తులున్నట్టు కనపడుతుంది. ఆ పాలపొడి తాగిన చంటిపిల్లల మూత్రపిండాల్లో రాళ్లు కట్టాయి. సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. అంతకుముందు ఏడాదే బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ సహకార సంఘాలు పాలలో పెరాక్సైడు, కాస్టిక్ సోడా కలుపుతున్నాయని ఫెడరల్ పోలీసులు బయటపెట్టారు. ఒక్క అంకెను నమ్ముకుని ధర కట్టే చోట ఆ అంకెను పెంచే పదార్థాన్ని ఎవడో ఒకడు వెతికి తెస్తాడు.

అందరినీ దొంగలనేసి చేతులు దులుపుకోవడం మాత్రం అన్యాయం. వైశాఖ మాసపు ఎండలో, 43 డిగ్రీల వేడిలో, కరెంటు లేని ఊళ్లో సాయంత్రం పాల బండి గంట ఆలస్యమైతే ఆ పాలు ఏమవుతాయో రైతుకు బాగా తెలుసు. విరిగితే పూట సంపాదన మురుగు కాలవలోకి పోతుంది. చిటికెడు సోడా అక్కడ పుడుతుంది. అది తప్పే, కానీ దాని మూలం చల్లబరిచే ఏర్పాటు లేకపోవడం. ఊరూరా బల్క్ కూలర్లు పెట్టిన చోట సోడాతో పని తగ్గుతుంది. పరీక్ష గురించి ఎంత మాట్లాడుకున్నా ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. పాలకూ కాగితానికీ సంబంధం ఆధునికమైనదే గానీ, కాగితంతో పరీక్షించడం పాతదే. 1664లో రాబర్ట్ బాయిల్ రంగుల మీద రాసిన పుస్తకంలో, తెల్ల కాగితం మీద వయొలెట్ పూల పాకం చుక్కలు వేసి, ఆమ్లం తగిలితే ఎర్రబడడం, క్షారం తగిలితే ఆకుపచ్చబడడం చూపించాడు. లిట్మస్ కాగితానికి పూర్వీకుడు అదే. పసుపు కాగితం కథ మనకు ఇంకా దగ్గరిది. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడడానికి కారణమైన రంగు పదార్థమే కాగితానికి పట్టిస్తే పసుపు కాగితమవుతుంది. బోరిక్ ఆమ్లం తగిలి ఆరితే అదీ ఎర్రబడుతుంది. 19వ శతాబ్దం చివర్లో పాలు నిలవ ఉండేందుకు వ్యాపారులు బోరిక్ ఆమ్లం కలిపేవారు. దాన్ని పట్టించింది పసుపు కాగితమే.

20వ శతాబ్దంలో వియన్నాకు చెందిన ఫ్రిట్జ్ ఫైగెల్ వడపోత కాగితం మీద ఒక్క చుక్కతో రసాయనాలను గుర్తుపట్టే విద్యను శాస్త్రంగా నిలబెట్టాడు. ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించుకున్నాక ఆ యూదు శాస్త్రవేత్త దేశం విడిచి, చివరికి బ్రెజిల్ చేరి అక్కడే పని కొనసాగించాడు. 1956లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతుల కృషితో మూత్రంలో చక్కెర చూసే క్లినిస్టిక్స్ పట్టీ మార్కెట్లోకి వచ్చింది. ఎంజైమును ఎండబెట్టి కాగితంలో దాచవచ్చని, తడి తగలగానే అది మళ్లీ పనిలోకి దిగుతుందని ఆ పట్టీ రుజువు చేసింది. 1980ల చివరికి గర్భ నిర్ధారణ పట్టీలొచ్చాయి. పశువుల కొట్టంలోకి కూడా కాగితం అప్పటికే చేరింది. బ్రోమోథైమాల్ బ్లూ అద్దిన అట్టముక్క మీద నాలుగు చన్నుల నుంచి నాలుగు చుక్కలు పిండితే, పొదుగువాపు ఉన్న చన్ను పాలు ఆకుపచ్చగానో నీలంగానో రంగు మారతాయి. మంచి పాల పీహెచ్ 6.6, 6.8 మధ్య ఉంటుంది, వాపొస్తే పెరుగుతుంది కాబట్టి. గేదె పక్కనే కూర్చుని రైతు తానే చూసుకోగల పరీక్ష అది. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఇవన్నీ ఒక పట్టీకి ఒక ప్రశ్న అడిగే పరీక్షలు. 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఒకే కాగితంతో కొన్ని ప్రశ్నలు అడిగించింది. కాగితంలో నీళ్లు దానంతటదే పాకుతాయి, పంపు అక్కర్లేదు. నీటిని అంటనివ్వని గోడలు కాగితం లోపలే కట్టేస్తే ఆ పాకడాన్ని మనం కోరిన దారిలో మళ్లించవచ్చు. వాళ్లు చెట్టు కొమ్మల్లాగా చీలే కాలవలు గీశారు. అడుగున మూత్రం చుక్క తగిలిస్తే అది కొమ్మలెక్కి ఒక కొస దగ్గర చక్కెరకు గోధుమ రంగు, ఇంకో కొస దగ్గర మాంసకృత్తులకు నీలం చూపింది. మరుసటి ఏడాది కాగితపు పొరలను రెండువైపులా అంటుకునే టేపుతో దొంతరగా పేర్చి, ద్రవం పక్కలకే కాక పై నుంచి కిందికీ నడిచేలా చేశారు. 2009కి మైనం ముద్రించే మామూలు ప్రింటరుతో గోడలు గీసి, వేడి చేసి, కాగితంలోకి ఇంకించడం వచ్చింది. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేకుండా పోయింది. పేద దేశాల వైద్యం కోసం పుట్టిన ఈ విద్య పాల వైపు మళ్లడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అయితే మూత్రం కన్నా పాలు మొండివి. మూత్రం పల్చగా, పారదర్శకంగా ఉంటుంది. పాలలో వెన్న గోళాలున్నాయి, కేసిన్ రేణువులున్నాయి. అవి కాగితపు పోగుల మధ్య ఇరుక్కుని దారి మూసేస్తాయి. ఒక కొసకు ముందుగా, ఇంకో కొసకు ఆలస్యంగా చేరితే రంగులు పోల్చి చూడలేం. పైగా పాల తెలుపు లేత రంగులను మింగేస్తుంది. ఏ కాగితం, ఎంత రంధ్రం, ఎన్ని పొరలు అన్నది పాల విషయంలో పరికరం ప్రాణం.

2023లో ఐఐటీ మద్రాసులో పల్లబ్ సిన్హా మహాపాత్ర బృందం ప్రకటించిన పరికరం ఈ చిక్కును పొరలతోనే పరిష్కరించింది. పైనా కిందా మూతలు, మధ్యలో కాగితపు పొర. మధ్య పొర పాలను అన్ని గదులకూ సమంగా, సమానమైన వేగంతో పంచుతుంది. వాట్‌మన్ 4వ రకం వడపోత కాగితం వాడారు. అందులో పాలు త్వరగా నడుస్తాయి, రసాయనం ఎక్కువ ఇముడుతుంది. ముందే రసాయనాలు పట్టించి ఆరబెట్టిన ఆ పరికరానికి మిల్లీలీటరు పాలు చాలు. 30 సెకన్లలో యూరియా, డిటర్జెంటు, సబ్బు, పిండి, హైడ్రోజన్ పెరాక్సైడు, సోడా, ఉప్పు ఉన్నాయో లేవో రంగుతో చెబుతుంది. సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఆ పరిశోధన వచ్చింది. నీళ్లు, పళ్లరసాలు కూడా దీంతో పరీక్షించవచ్చని వాళ్లన్నారు.

అంతకుముందు 2018లోనే సంగారెడ్డి జిల్లాలోని ఐఐటీ హైదరాబాద్‌లో శివ్ గోవింద్ సింగ్ బృందం ఇంకో దారి తొక్కింది. ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో నైలాన్ నానో పోగులు వడికి, వాటిలో మూడు రంగులు కలిపి, కాగితం లాంటి పలుచని పదార్థం తయారుచేసింది. పాలలో ముంచితే ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారుతుంది. ఆ రంగును సెల్‌ఫోన్ కెమెరా చదివి చెబుతుంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ యూరియా, గ్లూకోజు, పెరాక్సైడు, పులుపు దాచే సోడా రకాలు, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి వాటికి విడివిడి పట్టీలు తయారుచేసింది. 1923లో బెంగళూరులో మొదలై 1955లో కర్నాల్‌కు చేరిన సంస్థ అది. ఆడంబరం లేని ఈ పట్టీలే పాల కేంద్రాలకు సూటిగా పనికొచ్చేవని నా అభిప్రాయం.

యూరియా పరీక్ష ఎలా నడుస్తుందో వంటింట్లోనే చూడవచ్చు. ఆహార భద్రతా సంస్థ చెప్పిన పద్ధతే ఇది. కాస్త పాలలో కొంచెం కందిపప్పు పొడి గానీ, సోయా పొడి గానీ వేసి గిలకొట్టాలి. ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచి, అర నిమిషం తర్వాత తీసి చూడాలి. నీలంగా మారితే యూరియా కలిసినట్టు. కందిగింజలో యూరియేజ్ అనే ఎంజైము సహజంగా ఉంటుంది. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది, అమ్మోనియా లిట్మస్‌ను నీలం చేస్తుంది. రోజూ పప్పు వండుకునే ఇంట్లోనే ఇంత రసాయన శాస్త్రం ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రయోగశాలలో తయారైన యూరియా పట్టీలోనూ జరిగేది ఇదే. ఎంజైమును శుద్ధి చేసి, కొలిచి, రంగు మార్చే పదార్థంతో కలిపి కాగితంలో ఎండగట్టారు, అంతే తేడా.

ఆ కొలతలోనే అసలు కష్టం ఉంది. పాలలో యూరియా సహజంగానే కొంత ఉంటుంది, మేతలో మాంసకృత్తులు ఎక్కువైతే ఇంకాస్త పెరుగుతుంది. మన ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్లకు 70 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పట్టీ ఉందో లేదో చెబితే చాలదు, హద్దు దాటిందో లేదో చెప్పాలి. హద్దు దగ్గర రంగు ఆకుపచ్చా, నీలమా అన్నది చూసే కంటిని బట్టి, ట్యూబులైటు వెలుతురును బట్టి మారుతుంది. పట్టీ పక్కనే పోల్చుకునే రంగులు ముద్రిస్తే సగం గొడవ తీరుతుంది. ఎంజైముకు వేడీ తేమా పడవు. రేకుల షెడ్డులో మే నెలంతా ఉన్న పట్టీ జూన్‌లో నిజమే చెబుతుందని ఎవరు హామీ ఇస్తారు? చెడిపోయిన పట్టీ కల్తీ పాలను మంచివనొచ్చు, మంచి పాలు పోసిన మనిషి మీద నింద వెయ్యనూ వచ్చు. తెలిసిన మంచి పాలతో, తెలిసి యూరియా కలిపిన పాలతో డబ్బాకో రెండు పట్టీలు ముందు సరిచూసుకునే అలవాటు లేని కేంద్రానికి ఈ పరికరం ఇవ్వకపోవడమే మేలు.

అన్నిటికన్నా పాత కల్తీ దగ్గర కాగితం ఇంకా తడబడుతూనే ఉంది. నీళ్లు పాలలో సహజంగానే ఉన్నాయి, వాటిని రంగుతో పట్టలేం. ఎక్కువ నీళ్లను పట్టేది పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత. 1920 ప్రాంతంలో జూలియస్ హోర్ట్‌వెట్ తెచ్చిన క్రయోస్కోపు ఆ పని చేస్తుంది గానీ అది ప్రయోగశాల వస్తువు. కాగితానికి ఒక దొంగదారి ఉంది. పాలలో నైట్రేటు దాదాపు ఉండదు. మన బోరు నీళ్లలో, చెరువు నీళ్లలో తరచుగా ఉంటుంది. నైట్రేటు పట్టీ రంగు మారితే నీళ్ల జాడ దొరికినట్టే. మినరల్ వాటర్ కలిపినవాడు దీనికి చిక్కడు.

దేశంలో కల్తీ ఎంత అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు కూడా జాగ్రత్తగా చదవాలి. 2011లో దేశవ్యాప్తంగా జరిపిన ఒక సర్వేలో 1,791 నమూనాల్లో 68.4 శాతం ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. పత్రికలు మూడింట రెండొంతుల పాలు విషమన్నట్టు రాశాయి. వాటిలో ఎక్కువ భాగం నీళ్లు కలిసి ఘనపదార్థాలు తగ్గినవీ, పాలపొడి కలిపినవీ. 2016లో సుప్రీంకోర్టు పాల కల్తీకి యావజ్జీవ శిక్ష దాకా పడేలా చట్టాలు సవరించే విషయం ఆలోచించమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. 2018లో దేశమంతటా 6,432 నమూనాలు తీసి చూస్తే ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. ఆ పన్నెండులో ఎక్కువ తెలంగాణలో దొరికినవి కావడం మనం సీరియస్‌గా తీసుకోవలసిన సంగతి. కానీ అదే సర్వేలో అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. 368 నమూనాల్లో, అంటే 5.7 శాతంలో, అఫ్లాటాక్సిన్ ఎం1 హద్దు దాటింది.

ఇది ఎవరూ కలిపింది కాదు. వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న తేమకు బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ బి1 పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతుకుతూ వేరుశనగ చెక్కలో పట్టుకున్న విషం ఇదే. పశువు తిన్నాక అది ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది. ఎంత కాచినా పోదు. హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఇంత సూక్ష్మమైన మోతాదును మామూలు రంగు కాగితం చూడలేదు. యాంటీబాడీలు అద్దిన, గర్భ నిర్ధారణ పట్టీ తరహా పట్టీలు చూడగలవు. అక్కడ చదివే పద్ధతి తిరగబడుతుంది. విషం ఉంటే గీత రాదు, లేకపోతేనే వస్తుంది. ధర కూడా రంగు పట్టీ కన్నా చాలా ఎక్కువ. ఒక రైతు క్యానుకు ఒక పట్టీ వాడడం ఎవరి తరమూ కాదు కాబట్టి డెయిరీలు ట్యాంకరు దగ్గర చూస్తున్నాయి. హద్దు దాటితే ట్యాంకరు పాలన్నీ పోతాయి, అందులో ఎవరి దాణా బూజు పట్టిందో ఎప్పటికీ తెలియదు.

నేను ఇప్పుడు ఎదురుచూస్తున్నది పాల పట్టీ కోసం కాదు, దాణా పట్టీ కోసం. పశువు తిన్న బి1లో నూటికి ఒకటి రెండు పాళ్లే, మహా అయితే ఆరు పాళ్లు, ఎం1గా పాలలోకి వస్తాయి. అంటే పాలలో అతి కష్టం మీద కనపడే విషం చెక్కలో ఎన్నో రెట్లు గాఢంగా, సులువుగా దొరికేలా ఉంటుంది. దాణాలో దాని హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. పట్టీ అంత సున్నితంగా ఉండనక్కర్లేదు, ధరా దిగుతుంది. నలగ్గొట్టిన చెక్కను ద్రావకంలో నానబెట్టి, వడగట్టి, పట్టీ ముంచే పని ఊళ్లోని సంఘం ఆఫీసులో చెయ్యవచ్చు. లోడుకు ఒక్క బస్తా నుంచి కాకుండా నాలుగైదు బస్తాల నుంచి పిడికెడు పిడికెడు తీసి కలిపి చూడాలి, బూజు ఒక మూలనే ఉండొచ్చు కాబట్టి. పాల కేంద్రం దగ్గర రైతు ఎప్పుడూ అమ్మేవాడే, పరీక్షకు నిలబడేవాడే. దాణా కొట్టు దగ్గర మాత్రం అతను కొనేవాడు. లోడు దింపకముందే చెక్కను పరీక్షించి, బాగా లేదంటే వెనక్కి పంపే హక్కు అతనిది. ఆ పట్టీని గుంటూరు, అనంతపురం, కరీంనగర్ సంఘాలు పదేసి లోడ్ల మీద వాడి చూపించడానికి కావలసిన శాస్త్రం ఇప్పటికే చేతిలో ఉంది.